రెండు వందల పదమూడవ స్తంభం

మండపేట పట్టణాన్ని పూర్వం ఏలిన ప్రభువులెవరో చరిత్రకారులు ఇంకా తేల్చుకోవలసి ఉంది గాని, ఆ పట్టణపు చెవులను ముప్పై నాలుగేళ్ళు నిరాటంకంగా ఏలినవాడు మాత్రం గుత్తుల ముత్యాలరావు. సైకిలు సీటు అతని సింహాసనం, కటింగ్ ప్లయరు రాజదండం, వానాకాలంలో నెత్తిన మడిచి కప్పుకున్న యూరియా సంచి శ్వేతచ్ఛత్రం. టెలిఫోన్ శాఖవారి జీతాల పట్టీ ఇంతటి వైభవాన్ని గుర్తించలేక, అతన్ని వట్టి లైన్‌మేన్ అని పేర్కొన్నది.

ఆ కాలంలో ఒక ఇంటికి ఫోను రావడమంటే మాటలు కాదు. దరఖాస్తు పెట్టిన మనిషికి ముందు తల నెరిసేది, ఆ తరువాత తీగ వచ్చేది. ముత్యాలరావు ఆ తీగను కలిపి, రిసీవరు స్వయంగా ఎత్తి, ఎక్స్ఛేంజికి తిప్పి, "హలో, మండపేట" అని ఒక్క కేక పెట్టి, అటు తరువాతే దాన్ని ఇంటి యజమాని చేతిలో పెట్టేవాడు. ఆ కేక మూడో వీధికి నేరుగానే వినిపిస్తుంది గనుక మధ్యలో ఫోను దండగ అని గిట్టనివాళ్ళు అనేవారు. అయితే అతని చేతిమీదుగా కలిసిన ఫోనుకు వచ్చే తొలి కబురు శుభవార్తే అయి తీరేది. హెడ్మాస్టారికి కూతురి సంబంధం ఖాయమైన మాట వచ్చింది; రైసుమిల్లువారికి కోర్టు దావా గెలిచిన మాట వచ్చింది. అతను సెలవులో ఉన్నప్పుడు వేరే లైన్‌మేన్ కలిపిన ఒకే ఒక్క ఫోనుకు తొలి కబురుగా మేనమామ పోయిన వార్త వచ్చింది. మండపేటకు ఇంతకన్న రుజువు అక్కర్లేకపోయింది.

కాలక్రమాన ఒక్కటి తప్ప తీగలన్నీ పోయాయి, స్తంభాలు పోయాయి, ఎక్స్ఛేంజి భవనంలో పావురాలు ఛార్జి తీసుకున్నాయి. ఆచారం మాత్రం పోలేదు. కొత్త సెల్‌ఫోను కొన్నవాడు పెట్టె విప్పకుండా తెచ్చి, "మీ చేత్తో బోణీ చెయ్యండి లైన్‌మేన్ గారూ" అని నిలబడేవాడు. ముత్యాలరావు చేతులు కడుక్కుని, సీలు తెంచి, అరచేతిని అద్దానికి ఆనించి, హలో అని కేకవేసి ఇచ్చేవాడు. ప్రతిఫలంగా తమలపాకులో ఒక వక్క. అతని అభిప్రాయంలో అది కూడా ఎక్కువే.

ఇటువంటి నిష్కల్మషమైన రాజ్యంలోకి సుషుప్తి సంస్థవారు తమ కలనేత ఫోనును పంపించారు.

కలనేతను దిండు కింద పెట్టుకుని మధ్యాహ్నం ఒక కునుకు తీస్తే చాలు. అది కలను పట్టి దాచుతుంది. మర్నాడు మళ్ళీ కన్ను మూతపడగానే, నిన్న కల ఏ మెట్టు మీద ఆగిందో ఆ మెట్టు మీదనే దింపుతుంది. ఒకే ఖాతా కింద రెండు ఫోన్లుంటే, ఆ ఇద్దరూ ఒకే కలలో కలుసుకోవచ్చు. ఇంత అద్భుతాన్ని సృష్టించిన సంస్థకు సహజంగానే ఒక బెంగ పట్టుకుంది: జనం దీన్ని కొని మరొకరికి అమ్ముకుంటే? అందుకని అద్దంలోనే ఒక కట్టడి పోశారు. పెట్టె విప్పాక తొలిసారి సోకిన అరచేతి వేడినీ నాడినీ ఆ అద్దం తనలో ఇముడ్చుకుంటుంది. ఆ చేతివాడే యజమాని. ఆ ముద్రను ఎవరూ, చివరకు తయారుచేసినవారు కూడా, చెరపలేరు. యజమాని తన ఫోనును పరాయి చేతిలో పెడితే అది పునర్విక్రయం. శిక్ష, అతని ఖాతా మూత. ఇదంతా నూటపద్నాలుగవ నిబంధనలో స్పష్టంగా ఉన్నది. నిబంధనలన్నీ చదివి అంగీకరించినట్లు మండపేట యావత్తూ అద్దం మీద వేలు నొక్కింది. చదివినవారి సంఖ్య సున్న.

ఏడు నెలల్లో మండపేటకు రెండు వందల పన్నెండు కలనేతలు వచ్చాయి. అన్నిటికీ బోణీ ముత్యాలరావుదే.

*

ఇవి కాక అతనికీ రెండు కలనేతలున్నాయి. ఒకటి తనకు, ఒకటి భార్య మహాలక్ష్మికి.

నాలుగేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి మహాలక్ష్మి ఎడమ పక్కనూ, మాటనూ పట్టుకుపోయింది. తెలివి చెక్కుచెదరలేదని డాక్టరు చెప్పాడు. బడి మొహం చూడని మనిషి గనుక, మంచిగా ఉన్న కుడిచేత్తో రాసి చూపించే వీలూ లేదు. అప్పటినుంచి ఆమెకు తల దువ్వడం, జావ కాయడం, దిండు సర్దడం అన్నీ ముత్యాలరావే. అన్నీ గట్టిగానే చేసేవాడు. "మహాలక్ష్మీ, జావ తాగుతావా" అన్న అతని పరామర్శకు వీధిలో పోయే రిక్షాలు ఆగేవి. ఆమె అతనివంక అదొక రకంగా చూసేది. ఆ చూపు జావలో ఉప్పు గురించో, జడ గురించో అతనికి అంతుపట్టేది కాదు.

కానీ రోజూ రెండు గంటలకు, రెండు మంచాల మీద రెండు ఫోన్లు రెండు దిండ్ల కింద చేరాక, మహాలక్ష్మి మాట్లాడేది.

ఆ కలలో ఎప్పుడూ సాయంత్రం నాలుగు గంటలే. తేనెరంగు ఎండ. కాలవగట్టు వెంట బారులు తీరిన టెలిఫోన్ స్తంభాలు, ఒక్కొక్కదానికీ ఎర్ర రంగుతో అంకె, దాని కింద ఒక నల్లటి ఫోను డబ్బా. ముత్యాలరావు నిచ్చెన లేకుండానే స్తంభం ఎక్కి తీగ లాగుతూ ఉంటాడు. కింద, కేబుల్ చుట్టిన పెద్ద చెక్క చక్రం మీద కాళ్ళు ఊపుకుంటూ మహాలక్ష్మి తేగలు వలుస్తూ ఉంటుంది, రెండు చేతులతోనూ.

"ఈ తీగ ఎక్కడికెల్తందంటావే?"

"లాగేది మీరు, అడిగేది నన్నా? ముప్పై నాలుగేళ్ళూ ఇలాగే చేసేరా ఉద్యోగం?"

"చివర కనపట్టం లేదు మరి."

"కనపడకపోతే లాగండి. కిందకి దిగి తేగ తింటారా, పైన గాలి తింటారా?"

ఈ విధంగా, పట్టపగలు, పరమ నిష్ఠతో, ఏడు నెలలు గడిచాయి. ఒకనాడు ఆమె తేగ వలవడం ఆపి, తల వంచుకుని, "ఏవండీ, ఎన్నాళ్ళనుంచో చెబుదామనుకుని ఊరుకుంటన్నాను. మీరు రోజూ నా విషయంలో ఒక తప్పు చేస్తన్నారు. చిన్నబుచ్చుకోనంటే చెప్తాను," అన్నది.

"చెప్పు."

"అదేంటంటే..."

తేనెరంగు ఎండ ఆరిపోయింది. ముత్యాలరావు కళ్ళు తెరిచాడు. దిండు కిందినుంచి తీసిన అద్దం మీద అక్షరాలు: 'అనధికార పునర్విక్రయ కారణమున మీ ఖాతా నిలుపుచేయబడినది.' పక్క మంచం మీద మహాలక్ష్మి కూడా కళ్ళు తెరిచింది. ఆమె పెదవులు ఇంకా ఆ వాక్యాన్ని పూర్తిచేయడానికి ప్రయత్నిస్తున్నాయి.

*

సుషుప్తి ప్రధాన కార్యాలయపు గణనయంత్రం లోకంలోని కలనేతలన్నిటినీ గాలించి ఒక ఘోరాన్ని వెలికితీసింది. మండపేట నివాసి ఒకడు రెండు వందల పన్నెండు ఫోన్లకు యజమాని అయి, ఒక్కొక్కదాన్ని నిమిషం తిరక్కుండా పరాయి చేతిలో పెట్టాడు. ఇంతటి వేగంతో చట్టాన్ని ఉల్లంఘించిన మహాపురుషుడు ఏ ఖండంలోనూ లేడు. అతన్ని విచారించడానికి హైదరాబాదునుంచి తన్మయి అనే అధికారిణి కారులో వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, నిబంధనల విభాగం. ఒక ప్రపంచస్థాయి చీకటి వ్యాపారిని చూడబోతున్నానన్న ఉత్సాహం, అతను గుమ్మంలో చేతికి అంటిన జావ తుడుచుకుంటూ ఎదురుకావడంతో కొంత చల్లారింది.

"మీరు రెండు వందల పన్నెండు ఫోన్లు అమ్మారండీ," అన్నది కూర్చుంటూ.

"నేనాండీ?" ముత్యాలరావు గొంతుకు కిటికీ రెక్క అదిరింది. "నా జన్మలో నేనమ్మింది ఒకటే గేదండి. అదీ సాయంత్రానికి తాడు తెంపుకుని తిరిగొచ్చేసిందండి."

"మరి అవన్నీ మీ చేయి ఎందుకు పట్టాయి?"

"బోణీకండి. ఊరికే అలా ముట్టుకుని ఇచ్చేత్తానండి."

"ముట్టుకుని ఇవ్వడమంటే?"

మాటల్లో చెప్పడం అతనికి చేతకాలేదు. తన్మయి సంచిలోంచి, సాక్ష్యప్రదర్శన నిమిత్తం తెచ్చిన సీలు విప్పని పెట్టె ఒకటి తీసి ఇచ్చింది. ముత్యాలరావు లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. సీలు తెంచాడు. అరచేతిని అద్దానికి ఆనించి, కళ్ళు మూసుకుని, "హలో" అన్నాడు. బయట కారు డ్రైవరు ఉలిక్కిపడి హారను నొక్కాడు. తరువాత ఫోనును రెండు చేతులతో తన్మయికి అందించాడు; ఆమె అప్రయత్నంగా రెండు చేతులతో అందుకున్నది.

"అంతేనండి. ఇప్పుడిది ఎవరిదండి?"

"నిబంధన ప్రకారం... మీది."

"మరి మీ చేతిలో ఉందేవిటండి?"

తన్మయి ఫోనువంక చూసింది. నూటపద్నాలుగవ నిబంధనను తాను ఎన్నోసార్లు చదివింది గాని, దాని లోపల నిలబడటం ఇదే మొదటిసారి. ఫోనును సంచిలో పెట్టేసుకుని, గొంతు సవరించుకుని, ఒక కాగితం తీసింది.

"చూడండి, మీరు చెడ్డవారని నేననను. కానీ సంస్థకు కావలసింది ఒక నేరం, ఒక ఒప్పుకోలు. ఈ రెండు వందల పన్నెండు మందీ మీ దగ్గర అక్రమంగా తీసుకున్నారని సంతకం పెడితే మీ ఖాతా తెరుస్తాం. మీ కల ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మొదలవుతుంది."

"ఆళ్ళ ఫోన్లో?"

"ఆగిపోతాయి."

"పెట్టకపోతేనండి?"

"ఏడు రోజుల్లో మీ కల తుడిచేస్తారు. వాళ్ళ జోలికి రావడానికి మాకు వేరే ఆధారం లేదు." ఆమె స్వరం తగ్గించి, "కాగితం మీదగ్గరే ఉంచండి. మీ ఫోను నెంబరు ఇవ్వండి, పనిచేసేది," అన్నది.

ముత్యాలరావు గోడవైపు చూపించాడు. మండపేటలో మిగిలిన ఆఖరి తీగ ఫోను అక్కడ నల్లగా మెరుస్తున్నది. అతను రోజూ దాన్ని తుడుస్తాడు. అది మోగి ఎనిమిది నెలలైంది.

*

ఆ వారం ముత్యాలరావు తన తప్పేమిటో వెతుక్కున్నాడు. జావలో ఉప్పు తగ్గించాడు. మహాలక్ష్మి అదే చూపు చూసింది. ఉప్పు పెంచాడు. దిండు ఎత్తు మార్చాడు. పాపిట ఎడమవైపు తీశాడు, కుడివైపు తీశాడు, చివరికి తీయడమే మానేశాడు. మంచాన్ని కిటికీవైపు తిప్పాడు. ప్రతి మార్పు తరువాతా వంగి, "ఇదేనా మహాలక్ష్మీ" అని అడిగేవాడు, ఆమెకు స్పష్టంగా వినపడాలని ఇంకాస్త గట్టిగా. ఆమె కళ్ళు గట్టిగా మూసుకునేది. చచ్చిపోయిన కలనేతను మాత్రం దిండు కిందినుంచి తియ్యనివ్వలేదు. తియ్యబోతే కుడిచేత్తో అతని మణికట్టు పట్టుకునేది.

కాగితం బల్లమీద ఉన్నది. దానిమీద కలం ఉన్నది. ఒక్క సంతకానికి, ఆమె వాక్యం పూర్తవుతుంది.

అయిదో రోజున ఎదురింటి రాఘవమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఇడ్లీల దుకాణం నడుపుతున్న మనిషి. ఊరిలో వార్తలు ముందు ఆమె పొయ్యి దగ్గరకు వచ్చి, ఆ తరువాతే బయటికి వెళ్ళేవి.

"సంతకం పెట్టీండి బాబాయ్. ఊరంతా అదే మాట. మాకేవన్నా రాజ్యాలు పోతాయా?"

"నీ కల్లో ఏవుంటదే?"

"ఏవుంటది నా మొహం. సముద్రం ఒడ్డున బల్లేసి ఉంటది. నేను కూకుంటాను. ఎవరో వచ్చి నాకు ఇడ్లీ పెడతారు. వేడి వేడిగా. తింటాను."

"ఎవరు పెడతారు?"

"మొహం కనపడదు. కూకుని తింటాను, అంతే." రాఘవమ్మ పమిట చెంగుతో మెడ తుడుచుకున్నది. "మీ స్తంభం ఒకటి మాత్రం అడ్డం."

"స్తంభవా?"

"సముద్రపొడ్డున టెలిఫోను స్తంభవేంటి బాబాయ్? మీరు బోణీ చేసిన ఫోన్లన్నిట్లోనూ ఉందంట. రైసుమిల్లాయన కల్లో అయితే పెళ్ళిపందిరి మధ్యలోంచి లేచిందంట. నాదానిమీద ఎర్ర రంగుతో ఏడు అని ఉంది."

ఏడవ బోణీ రాఘవమ్మదే. తాను లాగుతూ వచ్చిన తీగ ఎక్కడికి వెళ్తున్నదో అతనికి ఇప్పుడు తెలిసింది. కలలో చెక్క చక్రం మీద కూర్చుని బదులు చెప్పే మనిషికి ఆ సంగతి చెప్పే దారి మాత్రం లేదు. బల్లమీది కాగితాన్ని తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, గోడ ఫోను ఊగకుండా దాని వెనకాల దోపాడు.

"అదేంటి బాబాయ్?"

"నువ్వెళ్ళి కూకుని తిను," అన్నాడు.

ఏడోరోజున, నూటపద్నాలుగవ నిబంధన యథావిధిగా విజయం సాధించింది. 'మీ కలలు శాశ్వతముగా తొలగింపబడినవి. మా సేవలను వినియోగించుకున్నందులకు ధన్యవాదములు.' ముత్యాలరావు ఆ అక్షరాలు ఆరిపోయేదాకా చూసి, ఫోనును బీరువాలో, పాత ప్లయరు పక్కన పడుకోబెట్టాడు.

*

హైదరాబాదులో సుషుప్తివారి ప్రయోగశాలలో ఒక నిద్రాగారం ఉన్నది. పన్నెండు మంచాలు, నీలి పరదాలు. కొత్త ఫోన్ల పరీక్షకై నిద్రపోవడమే అక్కడి పని. ఆ శాలలోని శాస్త్రజ్ఞులు నెల రోజులుగా ఒక వ్యాధితో సతమతమవుతున్నారు. మండపేటనుంచి వస్తున్న కలలన్నిటిలోనూ స్తంభాలు మొలుస్తున్నాయి. వారు దానికి స్తంభదోషమని నామకరణం చేసి, తొంభై పుటల నివేదిక రాసి, అద్దంలో తొలి చేయి తన కలను కూడా కొంత పోసి ఉండవచ్చునని ఎనభై తొమ్మిదవ పుటలో అనుమానించి, తొంభయ్యవ పుటలో ఆ అనుమానాన్ని ఉపసంహరించుకున్నారు.

తన్మయి ఆ నివేదిక ఎనభై తొమ్మిదవ పుట దగ్గర ఆపి, సంచిలోని సాక్ష్యప్రదర్శన ఫోనును తీసుకుని, మధ్యాహ్నం రెండు గంటలకు చివరి మంచం ఎక్కింది. విధి నిర్వహణ నిమిత్తమే అని తనకు తాను చెప్పుకున్నది.

రెండున్నరకు మండపేటలో గోడ ఫోను మోగింది.

ముత్యాలరావు పరుగున వెళ్ళి ఎత్తి, ఎనిమిది నెలల బాకీ తీర్చేలాగా, "హలో, మండపేట" అన్నాడు.

"నేను తన్మయిని మాట్లాడుతున్నానండీ. కొంచెం మెల్లగా... సరే, అసలు సంగతి దాని గురించే. ఇప్పుడే నిద్రలేచాను. నాకు కల వచ్చింది."

"సెప్పండి."

"మా ఇంటి మేడమీద ఒక స్తంభం. రెండు వందల పదమూడు అని రాసి ఉంది. దానికి ఒక నల్ల ఫోను. మోగింది. ఎత్తాను. ఒకావిడ. 'ఎవరమ్మా మాట్లాడేది' అన్నారు. నిబంధనల విభాగమండీ అన్నాను. 'నిబంధనలు తర్వాత చూద్దాం, ముందు ఆయనకో కబురు చెప్పు. రెండు వందల పన్నెండూ తిప్పాను, ఒక్కరూ ఎత్తి చావలేదు, అంతా కల చూసుకోవడంలో ఉన్నారు' అన్నారు."

ముత్యాలరావు మహాలక్ష్మి మంచంవైపు తిరిగాడు.

"ఖాతా తుడిచేశామండీ. అద్దాన్ని తుడవలేకపోయాం. ఆవిడ ఫోను ఇంకా దిండు కిందే ఉందా?"

"ఉందండి. తియ్యనివ్వదండి."

"తియ్యకండి."

"ఏం సెప్పిందండి?" అతనికి తెలియకుండానే గొంతు తగ్గింది. "నా తప్పేవిటో సెప్పిందా అండి?"

"చెప్పారు. ఆవిడ మాట ఉన్నదున్నట్టు చెప్పమన్నారు: 'నాకు పోయింది మాట. చెవులు కాదు. నాలుగేళ్ళనుంచీ ట్రంకాలులో మాట్లాడినట్టు అరుస్తన్నారు. మన పెళ్ళయిన కొత్తలో, అత్తగారికి వినపడకుండా వంటింట్లో మాట్లాడేవారే, ఆ గొంతు ఏమైంది?' అన్నారు."

తన్మయి అడిగింది, "ఉన్నారా అండీ?"

"ఉన్నానండి."

"ఇదంతా నేను నివేదికలో రాయాలి."

"రాయండమ్మా. మీ ఉజ్జోగం."

"రాస్తే, రెండు వందల పదమూడో ఫోను ఎవరి చేతిలో ఉందో కూడా రాయాలి కదండీ," అన్నది తన్మయి. "రేపు రెండింటికి నేను మళ్ళీ పడుకుంటాను. మీరేమైనా చెప్పాలంటే..."

"తీగ ఎక్కడికెల్తందో తెలిసిందని సెప్పండి," అని, అతను రిసీవరును చప్పుడు కాకుండా పెట్టేశాడు.

మహాలక్ష్మి మేలుకునే ఉన్నది. కప్పువైపు చూస్తున్న ఆమె పెదవి కుడి కొస కొద్దిగా పైకి లేచి ఉన్నది. ముత్యాలరావు మంచం పట్టెమీద కూర్చున్నాడు. ఒకప్పుడు మూడు వీధులను మేల్కొల్పిన గొంతును ఎంత చిన్నది చేయాలో అంచనా అందక, రెండుమూడుసార్లు నోరు తెరిచి మూశాడు. చివరకు ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"హలో," అన్నాడు.

అది గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. మహాలక్ష్మి కుడిచేయి కదిలి, అతని చేతిని వెతికి పట్టుకుని, ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకున్నది, బోణీకి వచ్చిన కొత్త ఫోనులాగా.